శివరాత్రి లోపు పులికాట్‌కి: నీటి లోతు, ఎండ దిక్కు, బాతు ముక్కు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పులికాట్ సరస్సులో చలితోపాటు బాతులు కూడా మూటాముల్లె సర్దుకుంటాయి. అవి పూర్తిగా ఖాళీ చేయకముందే, ఫిబ్రవరిలో ఏదో ఒక వారం చూసుకుని సూళ్లూరుపేట – శ్రీహరికోట రోడ్డు మీద ఒక్క పూట తిరగండి. డిసెంబరులో రెండు రోజులు తిరిగినా తేల్చుకోలేని పక్షులు ఆ ఒక్క పూటలో తేలిపోతాయి. అదృష్టం పాత్ర ఇందులో చాలా తక్కువ. నీళ్ళెంత ఉన్నాయి, ఎండ ఎటు నుంచి పడుతోంది అన్న రెండింటి మీదే దాదాపు అంతా నడుస్తుంది.

ముందు ఫిబ్రవరే ఎందుకో చూద్దాం. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. కాళంగి లాంటి ఏర్లన్నీ తెచ్చిన నీళ్ళు సరస్సులో పరుచుకుంటాయి. డిసెంబరులో ఎక్కడ చూసినా నీళ్ళే కాబట్టి పక్షులూ ఎక్కడపడితే అక్కడ చెదిరిపోయి ఉంటాయి, చాలావరకు రోడ్డుకు దూరంగా. సంక్రాంతి దాటాక నీళ్ళు తీయడం మొదలవుతుంది. ఫిబ్రవరికి ఉత్తర భాగంలో తిప్పలు, అడుసు నేలలు బయటపడి, నీళ్ళున్న పల్లాల్లోకి పక్షులన్నీ చేరతాయి. రోడ్డు ఆ పల్లాల మధ్యగానే పోతుంది. ఏప్రిల్, మే నాటికి అదే చోట నేల పగుళ్ళిచ్చి కనిపిస్తుంది.

రెండో కారణం ఈకలు. వలస బాతుల్లో మగవి ఇక్కడికి వచ్చే రోజుల్లో ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. చలికాలం గడిచేకొద్దీ అసలు రంగులు తొడుక్కుంటాయి. గార్గనీ అనే చిన్న బాతులో మగది అందరికన్నా ఆలస్యం, దాని కంటి మీది తెల్లపట్టె పూర్తిగా తెలిసేది జనవరి, ఫిబ్రవరిలోనే. బాతులు నేర్చుకోవడం మొదలుపెట్టాలంటే ఇంతకన్నా సులువైన నెల లేదు. జనవరిలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్ళి బాతులు చూద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: అది తిరునాళ్ళు, పిల్లలకు బాగుంటుంది. పక్షులు చూడాలంటే జనం పోయాక వెళ్ళాలి.

చోటు తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. చిలికా తరవాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణం కొస తమిళనాడులో ఉంటుంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య నిలువుగా ఉన్న దీవి శ్రీహరికోట. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు జాతీయ రహదారి 16 మీద రెండు గంటల లోపు ప్రయాణం, లోకల్ రైళ్ళూ ఉన్నాయి. నెల్లూరు నుంచి 100 కి.మీ.కి కొంచెం తక్కువ. సూళ్లూరుపేట నుంచి షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) వైపు తూర్పుగా సుమారు 18 కి.మీ. రోడ్డు, సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దారిలో అటకానితిప్ప వస్తుంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఈ రోడ్డు మీద ఆంక్షలు, రద్దీ రెండూ ఉంటాయి కాబట్టి తేదీ ఖాయం చేసేముందు ప్రయోగాల వార్తలు చూసుకోండి. షార్ గేటు వైపు కెమెరా గానీ స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శిని) గానీ తిప్పొద్దు. డ్రోన్ సంగతి అసలు ఎత్తొద్దు.

ఇక ఎండ. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఇంచుమించు ఆరున్నరకు. సూర్యుడు నేరుగా తూర్పున కాక కొంచెం ఆగ్నేయానికి ఒరిగి పొడుస్తాడు, మధ్యాహ్నానికి దక్షిణానికి చేరతాడు. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది. అంటే రోడ్డుకు ఉత్తరం వైపు పక్షుల మీద రోజంతా మంచి వెలుతురే పడుతుంది. దక్షిణం వైపువి పొద్దెక్కేకొద్దీ నల్లటి బొమ్మలైపోతాయి. చాలామంది ఏడింటికి సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి, ఎండ కళ్ళలో కొడుతుంటే తూర్పుకు నడుపుతూ, రెండు పక్కలా చూస్తూ పోతారు. అద్దంలోంచి ఎదురుగా ఏమీ కనపడదు, దగ్గరికెళ్ళేసరికి పక్షి లేచిపోతుంది. ఇలా చేసి చూడండి: ఐదుమ్ముప్పావుకల్లా బయల్దేరి, ఎక్కడా ఆగకుండా అటకానితిప్ప దాకా పోయి బండి తిప్పండి. పొద్దు పొడిచేసరికి ఎండ మీ వీపున ఉంటుంది. పడమరకు వస్తూ ఎడమ అంచున ఆగుతూ దక్షిణపు నీళ్ళను చూడండి. సూటిగా దక్షిణానికి కాకుండా నైరుతికి చూస్తే రంగులు తెలుస్తాయి. ఎనిమిదింటికల్లా ఈ పక్క ముగించి మళ్ళీ తూర్పుకు తిరగండి. ఇప్పుడు ఎడమ అంచు ఉత్తరం వైపు. తొమ్మిదిన్నర దాకా తీరిగ్గా చూసుకోవచ్చు. రోడ్డు దాటే పని లేకుండా రెండు పక్కలూ అయిపోతాయి. ఉదయం షార్ ఉద్యోగుల బస్సులు వేగంగా పోతుంటాయి కాబట్టి ఆ దాటే పని లేకపోవడం చిన్న విషయం కాదు.

తొమ్మిదిన్నర తరవాత ఏమవుతుందంటే, అడుసు వేడెక్కి గాలి వణకడం మొదలవుతుంది. 200 మీటర్ల అవతలి బాతు ఉడుకుతున్న నీళ్ళలోంచి చూసినట్టు కనపడుతుంది. అప్పుడు స్కోపును 60 రెట్లకు పెంచితే పక్షితోపాటు వణుకూ పెద్దదవుతుంది, అంతే. 25, 30 రెట్లకు తగ్గించి దగ్గరి పక్షులు చూసుకోవాలి, లేదంటే అక్కడితో కట్టిపెట్టి దగ్గర్లోని నేలపట్టు పక్షుల చెరువుకు బయల్దేరాలి. ఖరీదైన స్కోపు కొన్నా ఈ బాధ తప్పదు, లోపం అద్దంలో లేదు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. 8x42 (ఎనిమిది రెట్లు, 42 మి.మీ. అద్దం) బైనాక్యులర్ చాలు. 10x50 బరువు, చేతి వణుకు కూడా ఎక్కువ. కొన్న రోజే కళ్ళకు తగ్గట్టు సరిచేసుకోండి: కుడి అద్దానికి చెయ్యి అడ్డుపెట్టి, ఎడమ కంటితో దూరపు బోర్డు మీద అక్షరాన్ని మధ్య చక్రంతో స్పష్టం చేయండి. తరవాత ఎడమ అద్దం మూసి, చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరుండే రింగును తిప్పి అదే అక్షరాన్ని స్పష్టం చేయండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక దాని జోలికి పోనక్కర్లేదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు రబ్బరు కప్పులు కిందికి దించాలి, లేకపోతే చుట్టూ నల్లటి వలయం కనపడుతుంది. పులికాట్‌లో స్కోపు విలాసం కాదు, సగం బాతులు అది లేకుండా చుక్కలే. స్టాండు కాళ్ళు పూర్తిగా సాగదీయొద్దు. కూర్చుని చూసేంత ఎత్తులో పెట్టి, మధ్యలో నీళ్ళ సీసాల సంచి వేలాడదీయండి, సముద్రపు గాలికి కదలదు. కారు కిటికీలోంచి ఫొటో తీసేవాళ్ళకు స్టాండు కన్నా బియ్యం నింపిన గుడ్డసంచి మేలు. ఇంజను ఆపాలి, లేకపోతే బొమ్మ అదిరిపోతుంది.

కారే మంచి మరుగు. కారు ఆగితే పక్షి ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడుతుంది, తలుపు తెరిస్తే లేస్తుంది. ఆగేటప్పుడు నాలుగు చక్రాలూ తారు దిగాలి, కానీ అంచు దాటి పోకూడదు. సరస్సు నేల మీద పైన తెల్లగా ఎండిన పెచ్చు కనిపిస్తుంది, ఉప్పు పూసి గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. కాలు పెడితే పెచ్చు విరిగి, కింద నల్లటి అడుసులోకి పిక్కల దాకా దిగుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. చెప్పు పైకి రాదు. బండి కూరుకుపోతే ట్రాక్టరు పిలవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, నీటి లోతు. కొలవడానికి కర్ర అక్కర్లేదు, పక్షుల కాళ్ళు చాలు. పిడికెడంత లిటిల్ స్టింట్‌లు పరుగెడుతున్న చోట నీళ్ళు వేలెడు కూడా ఉండవు. అక్కడ బాతులు నిద్రపోతుంటాయేమో గానీ మేయవు. పొడుగు ఎర్రకాళ్ళ స్టిల్ట్ పొట్ట తడిసేలా నడుస్తోందంటే ఇంచుమించు జానెడు లోతు. అక్కడ చిన్న బాతులు, టీల్, గార్గనీ వెతకండి. రాజహంసలు (ఫ్లెమింగోలు) తొడల దాకా దిగిన చోట పిన్‌టెయిల్ బాతు ఉంటుంది. దాని మెడ పొడుగు కాబట్టి, తోక పైకి లేపి తలకిందులైతే మిగతా వాటికి అందని లోతులో నాచు, గింజలు అందుకుంటుంది. రాజహంస సైతం ఈదుతోందంటే అది నీటికాకులు, గూడబాతుల (పెలికన్ల) తావు. ఒక్కసారి ఈ లెక్క పట్టుకుంటే సరస్సంతా జల్లెడ పట్టే పని తప్పుతుంది. వానలు బాగా పడిన ఏడాది ఫిబ్రవరిలో కూడా రోడ్డు పక్క నీళ్ళు ఎక్కువే ఉంటాయి, రాజహంసలు దూరంగా పలుచటి నీళ్ళకు పోతాయి. ‘ఈ ఏడు పక్షులు రాలేదు’ అని వార్తలొచ్చేది చాలాసార్లు అలాంటప్పుడే. అవి వచ్చే ఉంటాయి, రోడ్డు పక్కకు రాలేదంతే.

మగ బాతులు పుస్తకం చూసినా తెలుస్తాయి. పిన్‌టెయిల్‌కి చాక్లెట్ రంగు తల, మెడ పక్కన పైకి పాకిన తెల్ల గీత, సూది తోక. షోవెలర్‌కి ముదురాకుపచ్చ తల, తెల్ల రొమ్ము, ఇటుక రంగు పక్కలు, గరిటె లాంటి ముక్కు. విజియన్‌కి ఎర్రమట్టి తల మీద మీగడ రంగు నుదురు. గాడ్వాల్ దూరానికి వట్టి బూడిద రంగే గానీ పిర్ర మాత్రం కాటుక నలుపు. తడబడేది ఆడవాటి దగ్గర. మందలో సగం అవే ఉంటాయి. చాలామంది వాటిని వదిలేసి పక్కనున్న మగదాన్ని బట్టి పేరు రాసేస్తారు. బాతులు కలగలిపి తిరుగుతాయి, ఆ పద్ధతి నమ్మకండి.

ఆడ బాతును చూసేటప్పుడు ఒంటి రంగు వదిలేసి ముక్కుతో మొదలుపెట్టండి. ముక్కు తలకన్నా పొడుగ్గా, చివర వెడల్పుగా, అంచున నారింజ రంగుతో ఉంటే షోవెలర్. అది ముక్కు నీళ్ళలో ఆనించి ఈదుతుంది, నాలుగైదు కలిస్తే గుండ్రంగా తిరుగుతూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళు వడపోసుకుంటాయి. ఆ తిరుగుడు ఒక్కటే చాలు. ముక్కు బూడిద రంగులో, మెడ సన్నగా, తోక మొనదేలి ఉంటే పిన్‌టెయిల్. ముక్కు పొట్టిగా, నీలిబూడిద రంగులో చివర నలుపుతో, తల గుండ్రంగా, పొట్ట తెల్లగా ఉంటే విజియన్. ముక్కు పక్కన నారింజ చార, రెక్క మీద చిన్న తెల్ల చదరం ఉంటే గాడ్వాల్. నల్ల ముక్కుకు పసుపు మొన ఉంటే వలసది కాదు, మన ఊరి స్పాట్‌బిల్ బాతు, దానిలో ఆడామగా ఒకేలా ఉంటాయి.

మిగిలేవి టీల్, గార్గనీ ఆడవి. గొడవంతా ఈ రెండింటితోనే. రెండూ చిన్నవి, రెండూ మట్టిరంగువి. టీల్ కొంచెం చిన్నది, ముఖం సాదాగా ఉంటుంది, తోక మొదట్లో పక్కన సన్నటి మీగడ రంగు గీత ఉంటుంది. గార్గనీ ముఖం మీద చారలుంటాయి: కంటి మీద లేత గీత, కంటిలోంచి నల్ల గీత, బుగ్గ మీద ఇంకో మసక గీత, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ. వణికే గాలిలో ఆ చారలు కలిసిపోయి గార్గనీ టీల్‌లా కనపడుతుంది. అందుకే ఈ జంటను గాలి వణకడం మొదలవకముందే చూడాలి. అప్పుడూ తేలకపోతే ఎగిరేదాకా ఆగండి. టీల్ రెక్కలో మెరిసే ఆకుపచ్చ పలక, దాని ముందు వెడల్పు తెల్ల గీత కనిపిస్తాయి. గార్గనీ మగది ఎగిరితే రెక్క ముందుభాగం లేత నీలిబూడిదగా మెరుస్తుంది.

ఎగిరేదాకా ఆగమన్నాను గానీ ఎగరగొట్టమనలేదు. ఆ పని గద్దలు చూసుకుంటాయి. మార్ష్ హారియర్ నీళ్ళ మీద తక్కువ ఎత్తులో రెక్కలు ఆంగ్ల ‘వి’ అక్షరంలా ఎత్తి తేలుతూ వస్తే బాతుల మంద మొత్తం లేస్తుంది. మంద లేవగానే మీరు బాతుల్ని కాక ఆకాశం చూడండి, లేపినది ఎవరో తెలుస్తుంది. తెల్లపొట్ట సముద్రపు గద్ద గానీ, పెరిగ్రిన్ డేగ గానీ అయితే ఆ పూటకు అదే పెద్ద బహుమతి. మనుషులు లేపితే మాత్రం వాటికి నష్టం. వెనక్కి పోయే ముందు కొవ్వు కూడబెట్టుకునే రోజులివి, ప్రతి ఉలికిపాటూ ఆ కూడబెట్టినదాంట్లోంచే పోతుంది. రాజహంసలు ముందే చెబుతాయి: మేత ఆపి, మెడలు నిలువుగా సాచి, అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలుపెడితే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారన్నమాట. రెక్కల గులాబీ రంగు ఫొటోలో పడాలని చప్పట్లు కొట్టే బాపతును చూస్తే ఊరుకోవద్దు.

రాజహంసల్లో రెండు రకాలు. ఇక్కడ ఎక్కువగా కనిపించేది పెద్దది, నాలుగడుగులు దాటిన ఎత్తు, లేత గులాబీ ముక్కుకు చివర మాత్రం నలుపు. చిన్నది అరుదు. దాని ముక్కు మొత్తం ముదురెరుపు, దూరానికి నల్లగానే ఉంటుంది, ఒంటి గులాబీ మాత్రం చిక్కన. మందలో పొట్టిగా ఉన్నదల్లా చిన్నరకం అనుకోకండి. బూడిద రంగు, మురికి కాళ్ళు ఉంటే అది పెద్దరకం పిల్ల. ఎత్తు కన్నా ముక్కును నమ్మాలి.

సముద్రపు కాకుల మీద ఒక్క మాట. గల్స్ చలికాలమంతా తెల్ల తలతో ఉండి, ఫిబ్రవరిలో గోధుమరంగు ముసుగు వేసుకోవడం మొదలుపెడతాయి. సగం ముసుగు పడిన పక్షిని చూసి కొత్త జాతి అనుకునేవాళ్ళున్నారు. బ్రౌన్‌హెడెడ్ గల్‌లో ఈడు వచ్చినదానికి కన్ను లేతగా, రెక్క కొసలు నల్లగా, ఆ నలుపులో తెల్ల మచ్చలు ఉంటాయి. బ్లాక్‌హెడెడ్ గల్‌కి కన్ను నల్లన, రెక్క ముందంచు పొడుగునా తెల్లన. అడుసులో మేసే పొడుగు ముక్కు గాడ్‌విట్‌లూ ఇలాగే మెడ దగ్గర ఇటుక రంగు ఎక్కుతూ కనపడతాయి.

పది దాటాక నేలపట్టుకు. సూళ్లూరుపేట నుంచి ఉత్తరంగా సుమారు 20 కి.మీ., దొరవారిసత్రం దాటాక జాతీయ రహదారి నుంచి పక్కకు తిరగాలి. ఇది మంచినీటి చెరువు, నీళ్ళలోనే నిలబడే కడప చెట్లు దీని ప్రత్యేకత. వాటి మీద గూడబాతుల గూళ్ళు. ఫిబ్రవరికి పిల్లలు పెద్దవై ఉంటాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలను మెడ దాకా దాని గొంతు సంచిలో దూర్చి చేపలు తింటుంది, కావలి గోపురం మీంచి బైనాక్యులర్‌తో బాగా కనపడుతుంది. పక్కనే నత్తగుల్ల కొంగలు. వాటి ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. సందు లేని పక్షి కనపడితే వేరే జాతి కాదు, ఈడు రాని పిల్ల. తెల్ల కంకణాయిలు, నీటికాకులు, పగలంతా కొమ్మల్లో ముడుచుకుని కునికే నైట్ హెరాన్లు కూడా ఇక్కడే. ఎండ నెత్తి మీద ఉన్నా పక్షులు చెట్ల మీద దగ్గరగా ఉంటాయి కాబట్టి పులికాట్‌కు పనికిరాని మధ్యాహ్నం ఇక్కడ పనికొస్తుంది. ఓపిక మిగిలితే వెదురుపట్టు ఊళ్ళో చెట్ల మీది ఎర్రకాళ్ళ కొంగల్ని చూసి రావచ్చు. ఊరివాళ్ళు కాపాడుకుంటున్న పక్షులవి, గట్టిగా మాట్లాడకుండా, అడిగి చూడండి.

సరస్సు మధ్యలో తిండి దొరకదు, నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, సూళ్లూరుపేటలో కట్టించుకున్న ఇడ్లీ పొట్లం చాలు. తెల్ల చొక్కా వద్దు.

చివరిగా లెక్క. వెయ్యి బాతుల్ని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు. పది పక్షులు లెక్కపెట్టి అవి ఎంత జాగా పట్టాయో చూడండి. అలాంటి పది ముక్కలు కలిపితే వంద. ఆ వంద ముక్కను ఎడమ నుంచి కుడికి పరుచుకుంటూ పోండి. కొత్తవాళ్ళు దాదాపు ఎప్పుడూ తక్కువే చెబుతారు, ఎందుకంటే వెనక వరసలు ముందు వరసల చాటున పడతాయి. మొత్తం వచ్చాక, స్కోపులో ఏదో ఒకచోట యాభై పక్షులు తీసుకుని వాటిలో పిన్‌టెయిల్ ఎన్ని, షోవెలర్ ఎన్ని అని చూసి, ఆ పాళ్ళు మొత్తానికి వర్తింపజేయండి. మందలో రెండు మూడు చోట్ల ఇలా చేస్తే మంచిది, జాతులు గుంపులుగా విడిపడి కూర్చుంటాయి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టేటప్పుడు రోడ్డంతా కలిపి ఒక్క జాబితా కాకుండా ఆగిన చోటల్లా విడిగా పెట్టండి. నేలపట్టుది ఇందులో కలపకండి. టీల్ అనో గార్గనీ అనో తేలనివాటిని ‘బాతు, జాతి తెలియదు’ అనే పద్దులో వేయండి, అందుకే ఆ పద్దు ఉంది. వ్యాఖ్యల గడిలో ఆ రోజు నీటి మట్టం కూడా ఒక వాక్యం రాయండి: స్టిల్ట్‌కు ఎంత దాకా తడిసింది, రోడ్డుకు ఏ పక్క అడుసు తేలింది అని. వచ్చే ఏడాది అదే వారంలో వెళ్ళేవాళ్ళకు బాతుల సంఖ్య కన్నా ఆ వాక్యమే ఎక్కువ అక్కరకొస్తుంది.